పెద్ద కొండల మీద దూకుడుగా దిగేవారికి ఎలాంటి స్కీలు కావాలి?

విజయవాడ నుంచి గుల్మార్గ్ వెళ్లినా, ఆల్ప్స్ వెళ్లినా, పెద్ద కొండల మీద వేగంగా దిగేవారికి సులువుగా వంగని, లోపల లోహపు రేకు ఉన్న, మధ్యలో 105 నుంచి 115 మిల్లీమీటర్ల వెడల్పుండే స్కీలు (మంచు మీద జారడానికి బూట్లకు బిగించుకునే పొడవాటి పలకలు) సరిపోతాయి. వేగం పెరిగేకొద్దీ మెత్తటి స్కీ ముందుభాగం అదురుతుంది, అంచు మంచు మీద పట్టు వదిలేస్తుంది. లోపలి చెక్కకు పైనా కిందా టైటానల్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు రేకులు వేస్తే ఆ అదురు బాగా తగ్గుతుంది.

ఉదాహరణకు, గుల్మార్గ్ గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) రెండో దశ అఫర్వత్ కొండ మీద సుమారు 3,980 మీటర్ల ఎత్తున దింపుతుంది. అక్కడి నుంచి దిగేటప్పుడు పొడిలాంటి మెత్తటి మంచు, గాలికి పెచ్చుకట్టిన మంచు, ఇతరుల స్కీలు తొక్కి గుట్టలు చేసిన మంచు ఒకదాని వెంట ఒకటి తగలవచ్చు. మెత్తటి స్కీ గుట్ట గుట్టకీ పక్కకు తోసుకుపోతుంది, గట్టిది కోసుకుంటూ వెళ్తుంది.

గట్టి స్కీ ఎక్కువకాలం మన్నుతుందనుకోవడం అపోహ. మన్నిక వేరే సంగతి. అది స్టీలు అంచుల మందం, అడుగు పొర మందం, పక్కల నిర్మాణం మీద ఆధారపడుతుంది. మంచు కింద దాగిన రాయి తగిలితే ముందు దెబ్బతినేవి అవే. కొనేముందు స్కీని తిరగేసి అంచు మందం తప్పకుండా చూడండి. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం ఇలాంటి గట్టి స్కీలు అస్సలు వద్దు. వంచేంత వేగం, బలం లేకపోతే గట్టి స్కీ మలుపు తిరగదు.