"మా బ్యాంకులో" అనే మాట అనకమ్మా

శ్రీకాకుళం

అమ్మలూ సుజాతా,

నిన్ను రాజాం శాఖకు మేనేజరుగా వేశారని మీ అమ్మ ఫోన్ చేసింది. వీధిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఛార్జి తీసుకునేటప్పుడు క్యాష్ నువ్వే లెక్కపెట్టుకో, బంగారం ప్యాకెట్లు సరిచూసుకో. అవి నీకు తెలిసినవే.

నా భయం వేరు. 2025 మే 1న నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒక్కటయ్యాయి. నువ్వు పనిచేసిన చైతన్య గోదావరికి యూనియన్ బ్యాంకు స్పాన్సరు, అంటే వెనకుండి నడిపించిన పెద్ద బ్యాంకు; ఇక్కడి వికాస్‌కు స్టేట్ బ్యాంకు. ప్రగతికి కెనరా, సప్తగిరికి ఇండియన్ బ్యాంకు. బోర్డు ఒక్క పూటలో మారుతుంది, పని అలవాట్లు మారవు. వెళ్లగానే "మా బ్యాంకులో ఇలా కాదు" అంటావేమోనని బెంగ. ఆ మాట నేను అన్నాను.

చాలా ఏళ్ల కిందట, విలీనంలో మాకు కలిసిన ఒక శాఖకు మేనేజరుగా వెళ్లాను. అక్కడి సీనియర్ గుమస్తా దగ్గర ఎర్రగుడ్డ అట్ట వేసిన నోటుబుక్కు ఉండేది. మన వైపు ఊరికి పదిమంది అప్పలసాములు కదా. ఒకే ఇంటిపేరు, ఒక్కోసారి తండ్రి పేరూ ఒకటే. "చెరువుగట్టు అప్పలసామి", "చింతచెట్టు అప్పలసామి" అని ఖాతా నంబర్ల పక్కన రాసుకునేవాడు. "మా బ్యాంకులో ఇలాంటివి ఉండవు" అని అందరి ముందూ అని, పాత స్టేషనరీతో పాటు దాన్నీ తూకానికి వేయించేశాను. ఆయన మారు మాట్లాడలేదు.

రెండు నెలలకు ఒక అప్పలసామి కూతురి పెళ్లి కోసం కట్టిన 18 వేలు ఇంకో అప్పలసామి ఖాతాలో పడి, అతని పాత బాకీకి జమైపోయాయి. పెళ్లికి మూడు రోజులుంది. ఆ మనిషి తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని కౌంటరు కింద కూర్చుండిపోయాడు. ఎంట్రీ తిప్పడానికి రీజనల్ ఆఫీసు చుట్టూ రెండు రోజులు తిరిగాను. డబ్బు ముహూర్తానికి అందింది. గుమస్తా మాత్రం బదిలీ పెట్టుకుని వెళ్లిపోయాడు. వెళ్లేలోగా ఆయనకు క్షమాపణ చెప్పలేకపోయాను తల్లీ.

చిన్నప్పటి నుంచీ నీది తొందర. మూడు నెలలు ఏదీ మార్చకు, విను. రూల్‌కి విరుద్ధమైనది కనబడితే ఆపు, కానీ గదిలోకి పిలిచి చెప్పు.

చేరిన రాత్రి ఫోన్ చెయ్యి. డిపాజిట్ల లెక్క వద్దు. మీ అటెండరు పేరేమిటో, ఎన్నేళ్లుగా అక్కడున్నాడో చెప్పు.

మీ మామయ్య