గదినిండా సెన్సర్లే... ఈ ముక్కలు కలిపితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మోటారు వైండింగ్ షాపు నడుపుకుంటున్నాను. మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ రెండో సంవత్సరం. బడిలో అటల్ ల్యాబ్‌లో మొదలైన పిచ్చి, ఇప్పుడు గదినిండా సెన్సర్ బోర్డులే. చేతిఖర్చుకి ఇచ్చిన డబ్బంతా వాటికే. నిరుడు ఇంటిమీది ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగేలా ఒకటి చేసింది. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు మోటారు ఆగక ట్యాంకు పొంగి పక్కింటి గోడంతా తడిసింది. ‘అన్నీ రెడీమేడ్ ముక్కలే కదా బావా, కలపడం పిల్లలాట. కంప్యూటర్ల వైపు మళ్లించు’ అంటున్నాడు మా బావమరిది. ఇందులో భవిష్యత్తు ఉందా, ఇక్కడితో ఆపించాలా?

జవాబు: ముందు ఆ ట్యాంకు సంగతి మాట్లాడుకుందాం. మీ ప్రశ్నకి జవాబు సగం అక్కడే ఉంది.

మోటారు ఎందుకు ఆగలేదో అమ్మాయి చెప్పిందా? బోర్డు నేను చూడలేదు కానీ, నా అనుమానమైతే ఇది. నీలం రంగు డబ్బీలాంటి చిన్న రిలే (బోర్డు చెప్పినట్టు మోటారు కరెంటుని కలిపి విడదీసే స్విచ్) ఉన్న మాడ్యూల్, అంటే రెడీమేడ్ బోర్డు ముక్క, వాడి ఉంటుంది. దానిమీద ‘10 ఆంపియర్లు, 250 వోల్టులు’ అని రాసి ఉంటుంది. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లే లాగుతుంది కాబట్టి సరిపోతుందని లెక్క వేసి ఉంటుంది. కానీ మోటారు మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుందని మీకు చెప్పాలా? రిలే మీద రాసిన 10 ఆంపియర్లు హీటరులాంటి వాటికి. రోజుకి రెండుసార్లు చొప్పున మోటారు దెబ్బ తింటూ పోతే లోపలి కాంటాక్టులు ఏదో ఒకనాడు అతుక్కుపోతాయి. బోర్డు ‘ఆగు’ అని సరిగ్గానే చెప్పి ఉంటుంది. రిలేకే విడిపోవడం చేతకాలేదు.

మీ షాపులోనైతే కాంటాక్టర్ (మోటారు దెబ్బకి తట్టుకునే పెద్ద స్విచ్), ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే మోటారుని ఆపేది) లేకుండా మోటారుకి కనెక్షన్ ఇవ్వరు. అమ్మాయికి తెలియనిది మీకు తెలుసు. మీకు తెలియని ప్రోగ్రాం ఆమెకి తెలుసు. ఒకే ఇంట్లో ఉండి ఈ రెండూ కలవకపోవడమే నాకు ఆశ్చర్యం.

ఇక మీ బావమరిది మాట. ఆయన చెప్పింది సగం నిజం, ఆ సగాన్ని కొట్టిపారేయకండి. ఈ రెడీమేడ్ ముక్కలు అసలు ఇంజనీర్ల కోసం పుట్టలేదు. ప్రోగ్రాం ఎక్కించి సెన్సర్లు, మోటార్లు నడిపించే చిన్న బోర్డు ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో, ఒక డిజైన్ విద్యాసంస్థలో మొదలైంది. (ఒలివెట్టి టైప్‌రైటర్లు తయారైన ఊరది.) ఎలక్ట్రానిక్స్ చదవని డిజైన్ విద్యార్థులు కూడా తమ ఊహను కదిలే వస్తువుగా చేసుకోవాలన్నది ఉద్దేశం. 2011లో వచ్చిన లిటిల్‌బిట్స్ అనే ఎలక్ట్రానిక్ ముక్కల కిట్టు ఇంకో అడుగు ముందుకేసింది. ముక్కల చివర అయస్కాంతాలు పెట్టింది. తప్పు వైపు పెడితే అతుక్కోనే అతుక్కోవు. గ్రోవ్, క్విక్ అని దొరికేవి నాలుగు తీగల ప్లగ్గుతో పెట్టి తీసేవి. బడుల్లో నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ ల్యాబుల పని కూడా అదే. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకి భయం పోగొట్టడం. ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తున్నది అందుకే, ఆ పని బాగానే జరిగింది, మీ అమ్మాయే సాక్ష్యం.

లోపల ఏముందో తెలియకపోయినా పని జరగడమే ఆ ముక్కల గొప్పతనం. మీ అమ్మాయి జీతం తీసుకోబోయేది మాత్రం లోపల ఏముందో తెలిసినందుకు. అందుకని ఆపించవద్దు. కొత్త మాడ్యూల్ కొనడం మాత్రం కొన్నాళ్లు ఆపించండి. పనిచేస్తున్న ప్రాజెక్టులోంచి ఒక ముక్క తీసేసి, దాని పని తన చేత్తో చేసి చూపించమనండి. తర్వాత ఇంకోటి. ఏడాది తిరిగేసరికి ఆ ప్రాజెక్టులో కొన్న ముక్కలు ఒకటో రెండో మిగలాలి.

ఇలా ఎందుకంటున్నానో ఒక ఉదాహరణ. ఒకసారి ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో నన్నూ కూర్చోబెట్టారు. ఒక కుర్రాడి బయోడేటాలో ఏడు ప్రాజెక్టులున్నాయి. ‘ఆరు సెన్సర్ మాడ్యూళ్లు ఒకే ఐ2సీ తీగల జత మీద కలిపితే ఒక్కోసారి మొరాయిస్తాయి, ఎందుకు?’ అని అడిగారు. (ఐ2సీ అంటే చిప్పు, సెన్సర్లు రెండే తీగల మీద మాట్లాడుకునే పద్ధతి.) వైర్లు లూజై ఉంటాయన్నాడు. జవాబు కష్టమైందేం కాదు. ప్రతి మాడ్యూల్ మీదా ఆ తీగల్ని పైకి లాగి ఉంచే పుల్-అప్ రెసిస్టర్లు ముందే అతికి ఉంటాయి. ఒక్కోటి 4.7 కిలో ఓములు అనుకుంటే, ఆరూ సమాంతరంగా కలిసి 800 ఓముల లోపుకి వచ్చేస్తాయి. 3.3 వోల్టుల దగ్గర తీగను కిందికి లాగాలంటే చిప్పు మోయాల్సిన కరెంటు, ఐ2సీ ప్రమాణం పెట్టిన 3 మిల్లీ ఆంపియర్ల హద్దు దాటిపోతుంది. మాడ్యూల్‌ని పెట్టెలా చూసినవాడికి ఇది ఎన్నటికీ తట్టదు. బోర్డు తిప్పి రెసిస్టర్ మీది అంకె చదివినవాడికి ఐదు నిమిషాల పని.

మీ ట్యాంకు ప్రాజెక్టులోనే ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నీటిమట్టానికి ఆమె వాడింది బహుశా రెండు కళ్లలా ఉండే అల్ట్రాసోనిక్ సెన్సర్ అయి ఉంటుంది. అది శబ్దం వెళ్లి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. సెంటీమీటరుకి 58 మైక్రో సెకన్లని లెక్క. కానీ ఆ 58 అనేది 20 డిగ్రీల దగ్గర, శబ్దవేగం సెకనుకి 343 మీటర్లున్నప్పటి మాట. మన ఎండల్లో ట్యాంకు లోపల గాలి 40 డిగ్రీలుంటే వేగం 355కి చేరుతుంది. మీటరు దూరం మూడు సెంటీమీటర్లకి పైగా తగ్గి కనిపిస్తుంది. ట్యాంకుకైతే ఆ తేడా పెద్ద లెక్కలోది కాదు. దాన్ని ఉష్ణోగ్రతతో సరిచేసి, ముందు ఎంత తప్పు చూపించిందో, తర్వాత ఎంతో టేపుతో కొలిచి రాసి పెట్టుకుంటే మాత్రం కంపెనీలో ఆ కాగితానికి విలువుంది.

ఇంకోటి. బోర్డు ఎప్పుడైనా ఊరికే పిచ్చిపిచ్చిగా చేసి, స్విచ్ ఆపి వేయగానే బాగుపడిందా అని అడగండి. ఆర్డుయినోలో మిల్లీ సెకన్లు లెక్కపెట్టే గడియారం 49 రోజుల 17 గంటలకి నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ‘మొదలైన సమయానికి ఇంత కలిపితే వచ్చేదాన్ని దాటామా’ అని రాసిన ప్రోగ్రాం ఆ రోజు తప్పుతుంది. ‘ఇప్పటి సమయంలోంచి మొదలైన సమయం తీసేస్తే ఎంత’ అని రాస్తే తప్పదు. మన దగ్గర చాలా ప్రాజెక్టుల్లో ఈ తప్పు బయటపడదు. 49 రోజులు తెగకుండా కరెంటు ఉంటేనే కదా! ఇన్వర్టర్ మీద పెట్టినవాళ్లకే దొరుకుతుంది.

ఇక అసలు సలహా. ఆమెకి కొత్త ప్రాజెక్టు ఎక్కడో వెతకనక్కర్లేదు, మీ షాపులోనే ఉంది. మిర్యాలగూడలో రైస్ మిల్లులకి లోటా? సీజన్‌లో మీ దగ్గరికి వచ్చే కాలిపోయిన మోటార్లు ఎందుకు కాలాయో వైండింగ్ చూడగానే మీరు చెప్పేస్తారు. ఒక ఫేజు పోయి రెండింటి మీద నడిచినవి, బేరింగు పట్టేసినవి, వోల్టేజీ చాలక కరెంటు ఎక్కువ లాగినవి. మోటారు మీ దగ్గరికి రాకముందే, మిల్లులో ఉండగానే ఆ లక్షణం పట్టుకునే పెట్టె చేయమనండి. మూడు ఫేజుల తీగలకి, వాటిలో పారే కరెంటుని కొలవడానికి, మూడు క్లిప్పు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు. తీగ కోయక్కర్లేదు, చుట్టూ బిగిస్తే చాలు. బజారులో బాగా దొరికే రకం ఒకటి, తీగలో 100 ఆంపియర్లు పారితే 50 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. దాన్ని 33 ఓముల రెసిస్టర్ మీదుగా పంపితే శిఖరం దగ్గర 2.3 వోల్టుల పైచిలుకు వస్తుంది. కానీ ఇది ఏసీ, సున్నాకి పైకీ కిందికీ ఊగుతుంది. ఆర్డుయినో ఊనో చదవగలిగేది సున్నా నుంచి 5 వోల్టుల దాకానే. కాబట్టి రెండు సమాన రెసిస్టర్లతో 2.5 వోల్టుల మధ్యగీత ఒకటి కల్పించి, సిగ్నల్‌ని దానిమీద కూర్చోబెట్టాలి. ఇది ప్లగ్గు పెట్టి తీసే ముక్క కాదు. కాగితం మీద గీసి, రెసిస్టర్లు ఏరి, టంకం పెట్టాలి. నాకు కావలసిందీ అదే.

క్లిప్పు తగిలించడమైనా, తీయడమైనా మెయిన్ ఆపాకే. తీగలో కరెంటు పారుతుండగా ఆ ట్రాన్స్‌ఫార్మర్ చివరల్ని తెరిచి వదలకూడదని మీరే దగ్గరుండి నేర్పండి. అక్కడ ఇంటర్నెట్ వీడియోల కన్నా మీ చెయ్యి నమ్మకం.

పెట్టె ఒక మిల్లులో సీజన్ అంతా ఉండాలి. మొదటి పదిహేను రోజుల్లోనే ఊక దుమ్ము, అదురు, ఎలుకలు కలిసి దాన్ని ఓడిస్తాయి. ఓడిపోయిన ప్రతిసారీ తేదీ వేసి, ఏం పోయింది, ఎందుకు పోయింది, ఏం మార్చింది ఒక నోటుబుక్కులో రాయమనండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ల కన్నా ముందు ఆ నోటుబుక్కు తీసి చూపించాలి.

మీ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, దామరచర్ల మండలంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. అక్కడా సెన్సర్లే, అక్కడా కంట్రోలే, కానీ భాష వేరు. సెన్సర్ కబురు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా వస్తుంది. సున్నా నుంచి కాక నాలుగు నుంచి ఎందుకంటే, తీగ తెగినా సున్నాయే చూపిస్తుంది కదా. నాలుగు వస్తే ‘విలువ సున్నా’ అని, ఏమీ రాకపోతే ‘తీగ తెగింది’ అని తెలుస్తుంది. ఆ తర్వాత పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాల్ని నడిపే గట్టి కంప్యూటర్), ఆర్‌ఎస్-485 (దూరాలకి కబురు పంపే తీగల పద్ధతి), మోడ్‌బస్ (ఆ తీగల మీద యంత్రాలు మాట్లాడుకునే భాష). ఇల్లు దాటి ఫ్యాక్టరీకి వెళ్లాలంటే ఇవి రావాలి. డిప్లొమాలో ఉండే పారిశ్రామిక శిక్షణకి హైదరాబాద్‌లో ఏదో ఒక చోట సంతకాలు పెట్టించుకు రావడం చాలామంది చేసే పని. అలా వృథా చేయకుండా ఏదైనా ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ (కొలిచే పరికరాలు చూసుకునే) విభాగంలో చేరమనండి. డిప్లొమా తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్ దారి కూడా ఉంది. ఆడపిల్ల ఫ్యాక్టరీలో ఎలా అని మీరు రాయలేదు, చాలా సంతోషం.

చిప్పుల ప్రోగ్రామింగే ఇష్టమైతే దారి వేరు. డిప్లొమా వారికి పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరవచ్చు. ఏ డిప్లొమా వారికి ఏ బ్రాంచీలు ఇస్తున్నారో ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. మధ్యవర్తుల మాట వద్దు. బీటెక్ తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ (వస్తువుల లోపలి చిప్పుల ప్రోగ్రామింగ్) పీజీ డిప్లొమా ఒకటుంది, ప్రవేశ పరీక్ష రాయాలి. ఏ దారిలో పోయినా సీ భాష గట్టిగా రావాలి. లైబ్రరీ (ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం) పేరు రాసి ఒక వాక్యంలో సెన్సర్ చదవడం కాదు, సెన్సర్ డేటాషీటు (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ముందు పెట్టుకుని ఆ లైబ్రరీ తానే రాయగలగాలి. బావమరిది చెప్పే కంప్యూటర్లు ఇందులో ఉన్నాయి, ఆయనకి ఆ మాట చెప్పండి.

జీతం గురించి దాచను. మొదటి రెండు మూడేళ్లు హార్డ్‌వేర్ వైపు జీతాలు మామూలుగా సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువే. పెళ్లిళ్లలో చుట్టాలు పోల్చి చూస్తారు. అది తట్టుకునే ఓపిక మీ ఇంట్లో ఉందో లేదో మీరే చూసుకోవాలి. అమ్మాయికి ఉందనే అనిపిస్తోంది నాకు.

ఖర్చు విషయం. చేతిఖర్చు తగ్గించకండి, దారి మార్చండి. మంచి మల్టీమీటర్, వేడి సర్దుకునే టంకం ఇనుము, తీగల మీద నడిచే సంకేతాల్ని కంప్యూటర్‌లో చూపించే చవక రకం లాజిక్ అనలైజర్. ఈ మూడూ ముందు. రెసిస్టర్లు, కెపాసిటర్లు, విడి చిప్పులు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఒకసారి మీరే తీసుకెళ్లండి, కాస్త బేరం కూడా నేర్చుకుంటుంది. సర్క్యూట్ బోర్డు గీయడానికి కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. హైదరాబాద్‌లో 2023లో తెరిచిన టీ-వర్క్స్ నమూనాల తయారీ కోసమే పెట్టింది. మిల్లు పెట్టె ఒక రూపానికి వచ్చాక అక్కడికి పట్టుకెళ్లమనండి, ఉత్తచేతులతో వద్దు.

ట్యాంకు మోటారుకి మాత్రం ఈ ఆదివారమే కాంటాక్టర్ పెట్టండి. ఆ చిన్న రిలే ఇకనుంచి కాంటాక్టర్ కాయిల్‌ని నడిపితే చాలు, మోటారు బరువు కాంటాక్టర్ మోస్తుంది. వైరింగ్ అమ్మాయి చేతే చేయించండి. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసి, మీరు పక్కన నిలబడి. పాత రిలేని పారేయకుండా విప్పి, అతుక్కున్న ఆ కాంటాక్టుల్ని ఇద్దరూ కలిసి చూడండి. అతుక్కోకపోయి ఉంటే నా అనుమానం తప్పు, అప్పుడు ప్రోగ్రాం తీసి వెతకాలి. ఏది తేలిందో నాకు రాయండి.