కోళ్ల దొడ్డికి తీగ పందిరి

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న జాలీ దొడ్డిలో పదిహేను నాటుకోళ్లున్నాయి. మధ్యాహ్నమైతే నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. రేకులు వద్దనుకుంటున్నాం. ఏ తీగ పాకించాలి?

జవాబు: మీకు దొండ సరైనది. ఒకసారి నాటితే మూడు నాలుగేళ్లు నిలుస్తుంది. డిసెంబరులో కత్తిరిస్తే చలికాలపు ఎండ కోళ్లకు తగులుతుంది, వేసవికి మళ్లీ కమ్ముకుంటుంది. కాయ కాసే పాదు నుంచే పెన్సిల్ మందం తీగ ముక్కలు, నాలుగు కణుపులవి తీసుకుని, రెండు కణుపులు మట్టిలో ఉండేలా జూన్, జులైలో నాటండి. పడమటి వైపు ఐదేసి అడుగులకు ఒకటి చొప్పున నాలుగు పాదులు చాలు. మొదటి వేసవికి మాత్రం దొండను నమ్ముకోకండి. జనవరిలో మూడు సొర పాదులు కూడా పెడితే మార్చి ఆఖరుకల్లా నీడ పడుతుంది.

పాదు ఎప్పుడూ జాలీకి బయటే, అడుగున్నర దూరంలో ఉండాలి. లోపల పెడితే కోళ్లు వారంలో వేర్లు కెలికేస్తాయి. మొదట్లో దొండ చిగుళ్లను కూడా వదలవు కాబట్టి మొదలు చుట్టూ మూడడుగుల ఎత్తున జాలీ చుట్టండి. గుంత అడుగున్నర లోతు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు ఐదు కిలోలు, వేపపిండి అరకిలో కలపండి. దొడ్డిలోని పచ్చి కోడిపెంట వేస్తే వేర్లు మాడిపోతాయి. దాన్ని కుప్పపోసి పూర్తిగా మురిగాకే వాడాలి.

తీగను నేరుగా కోళ్ల జాలీ మీదికి ఎక్కించడం చాలామంది చేసే పొరపాటు. కాయల బరువుకు, వాన నీటికి జాలీ కుంగి తుప్పు పడుతుంది. గట్టి గుంజలు పాతి, ఏడడుగుల ఎత్తులో జీఐ తీగను (జింకు పూత ఉన్న ఇనుప తీగ) అడుగు గళ్లుగా కట్టి, దానిపై పాకించండి. పక్కల కింది మూడడుగులు ఖాళీగా వదలండి. గాలి ఆడకపోతే నీడ ఉన్నా కోడి ఉక్కకు చస్తుంది.

పురుగు మందులు దొడ్డి పైన కొట్టకండి. పెంకు పురుగులను పొద్దున్నే దులిపితే కోళ్లే ఏరుకు తింటాయి. పాదుకు పేనుబంక పడితే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి, కోళ్లను బయటికి తోలాక పిచికారీ చేయండి.

ప్రశ్న: మా పందిరి దట్టంగా అల్లుకుంది. వానల్లో దొడ్డి నేల ఆరడంలేదు, కోడిపిల్లల రెట్టలో రక్తం కనిపిస్తోంది.

జవాబు: ఇది కాక్సిడియోసిస్ (పేగుల్లో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) లక్షణం. పిల్లలను వెంటనే పొడి నేలకు మార్చి, అదే రోజు పశువైద్యుణ్ని కలవండి. ఆలస్యమైతే పిల్లలు వరసగా పోతాయి. జులైలో మూడో వంతు తీగ కోసేసి ఎండ నేలకు తగలనివ్వాలి. తడిసిన వరిపొట్టు తీసేసి కొత్తది పరవండి. నేల మీదికి వేలాడే తీగలను కత్తిరించండి. ఎలుకలూ పాములూ ఎక్కేది వాటి మీదుగానే.

ప్రశ్న: అందం కోసం ఏ తీగైనా పెంచొచ్చా?

జవాబు: గురివింద, అడవినాభి దొడ్డి దరిదాపుల్లో ఉండకూడదు. గురివింద గింజ, అడవినాభి దుంప విషం. సంకుపూల తీగ వేసుకోండి.