విశాఖ–భీమిలి బీచ్ రోడ్డులో సముద్రం కాకుండా చూడదగ్గవి ఏమున్నాయి?

చాలా ఉన్నాయి. నన్నడిగితే ముందు ఎర్రమట్టి దిబ్బలకే వెళ్లమంటాను. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డున మేటలు వేసింది. వేల ఏళ్లలో రేణువుల మీద ఇనుము తుప్పు పొరలా పట్టి, ఆ ఎరుపు వచ్చింది. తర్వాత వాన నీళ్లు కోసుకుంటూ పోయి లోతైన గెడ్డలు చేశాయి. గోడను వేలితో గీస్తే పొడి రాలుతుంది, అంత మెత్తన. అందుకే దయచేసి గట్లెక్కి ఫొటోలు దిగకండి. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించినా, చుట్టూ తవ్వకాలు, కట్టడాల బెడద తప్పలేదు.

తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం శిథిలాలున్నాయి. భిక్షువుల గదుల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పై నుంచి సముద్రం బాగా కనబడుతుంది. బావికొండ కూడా అలాంటిదే.

భీమిలి 17వ శతాబ్దంలో డచ్చివాళ్ల వర్తక స్థావరం. వాళ్ల శ్మశానంలో కోసుగా నిలబడ్డ పెద్ద సమాధులు, వాటి మీద డచ్చి శాసనాలు చూడొచ్చు. ఇక్కడ మునిసిపాలిటీ 1861లోనే ఏర్పడింది. ఊరి పక్కనే గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పొద్దున్నే వెళితే జాలర్లు పడవలు ఒడ్డుకు లాగడం, అక్కడికక్కడే చేపల బేరాలు చూడొచ్చు.

ఈత మాత్రం వద్దు, ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ.