రివర్స్ చేస్తేనే హబ్ వదులుతుందట, నిజమేనా?

ఈసారి ఎందుకోగానీ ఉత్తరాలన్నీ పాత ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళ మీదే వచ్చాయి, అందులోనూ ముందు చక్రాల హబ్‌ల మీద. సరే, ఈ నెల కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేద్దాం, మైలేజీ ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఆగండి.

ప్రశ్న: మాది ఖమ్మం, ఉండేది డెన్వర్‌లో. స్నోలో తిరగడానికని 1986 మోడల్ ఫోర్డ్ బ్రాంకో టూ కొన్నానండి. దీనికి ఆటోమేటిక్ లాకింగ్ హబ్స్ ఉన్నాయి. ఫోర్ వీల్ నుంచి టూ వీల్‌కి మార్చాక బండి ఆపి ఓ పది అడుగులు వెనక్కి నడపాలి, లేకపోతే హబ్‌లు వదలవు అని అమ్మినాయన చెప్పాడు. ఇదేం ఆచారం అండీ, నిజమేనా?

జవాబు: నిజమే, ఆయన మంచోడు, చాలామంది అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పరు.

హబ్ అంటే ముందు చక్రం మధ్యలో ఉండే డబ్బా, దాని పని ఒక్కటే, ఇంజను బలాన్ని చక్రం దాకా తెచ్చే లోపలి ఎక్సిల్ షాఫ్టుని చక్రంతో కలపడం, అక్కర్లేనప్పుడు విడదీయడం. విడిపోయి ఉంటే చక్రం తన బేరింగ్ మీద తాను తిరుగుతుంది, షాఫ్టు, దాన్ని తిప్పే క్రౌను గేరు, ఆ గేరుకి బలం తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు అన్నీ ఊరికే ఉంటాయి. మాన్యువల్ హబ్ అయితే కిందకి దిగి రెండు పక్కలా చేత్తో డయల్ తిప్పాలి, మంచులో బురదలో ఎవరు దిగుతారు, అందుకే 1980ల్లో అమెరికా కంపెనీలు, జపాన్ కంపెనీలు చాలా బళ్ళకి ఆటోమేటిక్‌వి ఇవ్వడం మొదలెట్టాయి.

ఇక లోపల జరిగేది చూడండి. మీరు లివర్ ఫోర్ వీల్‌కి వేసి కదిలించగానే షాఫ్టు తిరగడం మొదలవుతుంది. హబ్‌లో ఒక క్యామ్, అంటే అంచున వాలు ఉన్న రింగు ఉంటుంది, దాన్ని తిరగనివ్వకుండా స్పిండిల్ (చక్రం బేరింగులు కూర్చునే, తిరగని ఇరుసు) వైపు నుంచి కొంచెం రాపిడి పట్టి ఉంచుతుంది. షాఫ్టు ముందుకి పోతోంది, క్యామ్ వెనక పడుతోంది, ఆ తేడా వల్ల పక్కకి జరగగలిగే గేరు ఒకటి క్యామ్ వాలు ఎక్కి బయటికి తోసుకొచ్చి హబ్ పళ్ళలో పడుతుంది, అంతే, లాక్. కరెంటు లేదు, వాక్యూమ్ లేదు, మొత్తం రాపిడి మీదే బతుకుతుంది.

ఇప్పుడు మీరు టూ వీల్‌కి మార్చారు. కానీ బండి ముందుకే పోతోంది కదా, ఇందాక షాఫ్టు చక్రాన్ని తిప్పింది, ఇప్పుడు చక్రమే షాఫ్టుని తిప్పుతుంది, షాఫ్టు అదే దిక్కున తిరుగుతున్నంతసేపూ గేరు వాలు మీదే కూర్చుంటుంది. వెనక్కి నడిపితే దిక్కు మారి గేరు వాలు దిగుతుంది, స్ప్రింగు దాన్ని లోపలికి లాగేస్తుంది. పళ్ళు వదిలిన క్షణమే షాఫ్టు ఆగిపోతుంది కాబట్టి క్యామ్ రెండో వైపు వాలు ఎక్కి మళ్ళీ పట్టుకునే ఛాన్స్ లేదు. అందుకే నిటారుగా, మెల్లగా, మూడు మీటర్లు వెనక్కి.

వదిలిందో లేదో అనుమానంగా ఉంటే చదును నేల మీద పెట్టి వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, బండి టూ వీల్‌లోనే ఉంచి ముందు ఒక పక్క జాకీ ఎత్తండి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాని వెనక షాఫ్టు మీద ఉన్న యూనివర్సల్ జాయింట్‌ని (షాఫ్టు వంగి తిరగడానికి పెట్టిన కీలు) చూడండి. చక్రం తిరిగి జాయింట్ కదలకపోతే హబ్ వదిలినట్టు, జాయింట్ కూడా తిరిగితే పట్టుకునే ఉన్నట్టు. తర్వాత రెండో పక్క.

ఇందులోనే దీని బలహీనత కూడా ఉంది. స్నోలో ఇరుక్కుంటే ఏం చేస్తారు, ముందుకి వెనక్కి ముందుకి వెనక్కి ఊపుతారు. ప్రతిసారీ దిక్కు మారినప్పుడు హబ్ ఒకసారి వదిలి అటు పక్క మళ్ళీ పట్టుకుంటుంది, మీ కాలేమో యాక్సిలరేటర్ మీద ఉంటుంది, సగం పడిన పళ్ళ మీద మొత్తం టార్కు వచ్చి పడితే టక్‌మని శబ్దం వస్తుంది. దాదాపు నలభై ఏళ్ళ నాటి పార్టు అది, ఎన్నిసార్లు ఓర్చుకుంటుంది? ఊపాల్సి వస్తే గేరు మార్చాక ఒక్క సెకను బండిని మెల్లగా కదలనిచ్చి, హబ్ పట్టుకుందని తెలిశాక అప్పుడు పవర్ ఇవ్వండి.

నన్నడిగితే, ఊళ్ళో రోడ్ల మీద స్నో వరకే అయితే ఉన్నవాటినే ఉంచుకోండి, కొండల్లో ట్రెయిల్స్ ఎక్కే ఉద్దేశం ఉంటే మాన్యువల్‌కి మార్చేయండి. మార్చేటప్పుడు హబ్‌లు ఒక్కటే కొంటే సరిపోదు, మీ బండికి స్పిండిల్ మీద బేరింగ్‌ని పట్టి ఉంచే నట్ల సెట్టు కూడా మార్చాలి, ఎందుకంటే పాత క్యామ్ వాటితో కలిసి కూర్చునేలా చేశారు. ఆ కన్వర్షన్ కిట్ విడిగా అమ్ముతారు, అది లేకుండా బిగించి బేరింగ్ లూజయిపోయి తిరిగేవాళ్ళూ ఉన్నారు, ఆ పని చెయ్యకండి.

ప్రశ్న: సార్, మాది రాయచోటి, కువైట్‌లో డ్రైవర్‌ని. మా కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) గారి పాత నిస్సాన్ పట్రోల్ ముందు చక్రాల మధ్యలో ఆటో, లాక్ అని రాసి తిప్పే డయల్ ఉంది. ఆటోమేటిక్ అయినప్పుడు మళ్ళీ లాక్ ఎందుకు? లాక్‌లో పెట్టి రోడ్డు మీద పోతే ఏమన్నా విరుగుతుందా?

జవాబు: ఏమీ విరగదు తమ్ముడూ, భయపడొద్దు. ఆటోలో పెడితే ఫోర్ వీల్ వేసినప్పుడు తనే పట్టుకుంటుంది, లాక్‌లో పెడితే ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. లాక్ చేసి టూ వీల్‌లో రోడ్డు మీద పోతే ముందు షాఫ్టులు ఊరికే తిరుగుతాయి, కొంచెం పెట్రోలు, కొంచెం శబ్దం, అంతకుమించి నష్టం లేదు.

ఎడారిలోకి దిగుతున్నారంటే మాత్రం టైర్ల గాలి దించేటప్పుడే రెండు పక్కలా లాక్‌కి తిప్పేయండి. దాన్ని వేళ్ళతో తిప్పలేరు, బండితో ఇచ్చిన వీల్ స్పానరుతోనే తిప్పాలి, కటింగ్ ప్లయర్‌తో మొదలెడితే అంచులు అరిగిపోతాయి. ఇసకలో ఇరుక్కున్నాక ఊపుడు తప్పదు, పైన బ్రాంకోకి చెప్పిన గొడవే ఇక్కడా వస్తుంది, లాక్‌లో ఉంటే ఆ వదిలి పట్టుకోవడమే ఉండదు. ఇరుక్కున్నాక దిగి తిప్పుదాంలే అనుకుంటే అప్పటికి హబ్ ఇసకలో పూడిపోయి ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. హబ్ ఆటోలో ఉన్నా లాక్‌లో ఉన్నా, ఫోర్ వీల్ లివర్ వేసి తారు రోడ్డు మీద మలుపులు తిప్పొద్దు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ, ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో, ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ గేర్లు లేకపోతే అది ఆ తేడాని ఇవ్వదు. ఇసకలో అయితే టైరు జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు, స్టీరింగ్ బిగుసుకుపోయి బండి పట్టేసినట్టు ఉంటుంది. ఆ టైములో లివర్ కూడా రాదు, గట్టిగా లాగకుండా కాస్త వెనక్కి నడిపితే తేలిగ్గా వస్తుంది.

ప్రశ్న: పాడేరు దగ్గర మాకు కాఫీ తోట ఉంది. నాన్నగారి నాటి మహీంద్రా సీజే త్రీ బీ జీపు ఇప్పటికీ నడుస్తోంది. ముందు చక్రాలకి హబ్‌లు లేవు, షాఫ్టుని చక్రానికి ఎప్పుడూ కలిపే ఉంచే మామూలు ఫ్లాంజ్‌లే. ఆటోమేటిక్ హబ్‌లు పెట్టిస్తే దిగే పనుండదు, మైలేజీ బాగా పెరుగుతుంది అని మా మేస్త్రీ అంటున్నాడు. పెట్టించమంటారా?

జవాబు: వద్దు. మీ మేస్త్రీ మాటల్లో సగం కరెక్టు, ఆ సగం కూడా మీకు పనికిరాదు.

మీ జీపు విల్లీస్ జాతిది. యుద్ధం నాటి విల్లీస్‌కి కూడా ఇలాగే ఫ్లాంజ్‌లు ఉండేవి, చక్రంతోపాటు ముందు ఎక్సిల్ మొత్తం ఎప్పుడూ తిరగాల్సిందే. యుద్ధం అయిపోయాక ఆ జీపులు కొనుక్కుని రోడ్ల మీద తిప్పే జనం కోసం అమెరికాలో ఆర్థర్ వార్న్ 1948లో లాకింగ్ హబ్‌ల వ్యాపారం మొదలెట్టాడు, ఇప్పుడు వించీలకి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రాలు) పేరున్న వార్న్ కంపెనీ పుట్టింది అలాగే. తర్వాత అదే కంపెనీ లాక్-ఓ-మేటిక్ అని ఒక రకం అమ్మింది, మేస్త్రీ గారు ఎక్కడో విన్నది బహుశా ఇదే. అందులో రోలర్ క్లచ్ ఉంటుంది, మన సైకిల్ ఫ్రీవీల్ లాగా. షాఫ్టు చక్రాన్ని తోస్తే పట్టుకుంటుంది, చక్రం షాఫ్టు కంటే ముందుకి పరిగెడితే వదిలేస్తుంది.

మీ ఘాట్ రోడ్డుకి అదే చిక్కు. నిండా బస్తాలేసుకుని తడి మట్టి దారిలో లో రేంజ్ ఫస్ట్ గేరులో కిందకి దిగుతున్నారనుకోండి, అప్పుడు బండిని ఆపేది బ్రేకు కాదు, ఇంజను. ఆ టైములో చక్రమే షాఫ్టుని తోస్తుంది కాబట్టి రోలర్ హబ్ వదిలేస్తుంది, ఇంజను పట్టు వెనక రెండు చక్రాలకే మిగులుతుంది, వెనక భాగం పక్కకి జారడానికి అంతకన్నా ఏం కావాలి. అందుకే ఆ హబ్‌కి కూడా చేత్తో తిప్పి లాక్ చేసే ఏర్పాటు పెట్టారు. అంటే చివరికి మీరు దిగాల్సిందే!

మైలేజీ విషయం, తేడా ఉంటుంది గానీ మీరు ఆశించినంత కాదు. హబ్ వదిలితే అసలు లాభం స్టీరింగ్ తేలికవడం, ముందు షాఫ్టు జాయింట్ల అరుగుదల, గోల తగ్గడం. మీ బండి వారానికోసారి చింతపల్లి దాకానో విశాఖ దాకానో తారు మీద పోతుంటే మాన్యువల్ హబ్‌లు పెట్టించండి, తోటలోనే తిరుగుతుంటే ఫ్లాంజ్‌లే ఉంచండి, వాటిలో చెడిపోవడానికి ఏమీ లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను షాపుల్లో వెతికేటట్టయితే మీ ఫ్లాంజ్ ఒకటి విప్పి చేతిలో పట్టుకెళ్ళండి. లోపల స్ప్లైన్లు, అంటే షాఫ్టు పళ్ళు కూర్చునే గాడులు పది, బోల్టులు ఆరు ఉండాలి, కానీ ఇన్నేళ్ళలో ఎక్సిల్ ఎవరైనా మార్చేసి ఉండొచ్చు, లెక్కపెట్టి చూసుకోవాలి. జతగానే కొనండి. ఒక పక్క హబ్ లాక్ అయి రెండో పక్క వదిలేసి ఉంటే డిఫరెన్షియల్ బలమంతా ఆ వదిలేసిన షాఫ్టుని గిరగిరా తిప్పడానికే పోతుంది, ముందు చక్రాలు లాగవు, మీరేమో ఫోర్ వీల్‌లో ఉన్నానని ధైర్యంగా వాగులోకి దిగుతారు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి. నా దగ్గర పాత జపాన్ ఫోర్ వీల్ బండి ఉంది, పేరు వద్దులెండి. ఆటో హబ్‌లు నెమ్మదిగా పడుతున్నాయని విప్పించి నిండా వీల్ బేరింగ్ గ్రీజు కూరించాను. ఇప్పుడు అసలే పడటం లేదు, చలికాలం పొద్దున్నే అయితే మరీ.

జవాబు: గ్రీజు కూరితేనే పడటం లేదు సార్. రాపిడి మీద బతికే పార్టుకి మీరు రాపిడి తీసేశారు, పైగా చలికి గ్రీజు గట్టిపడి గేరు కదలలేకపోతోంది. బేరింగ్‌కి గ్రీజు కావాలి, హబ్‌కి పల్చటి పూత చాలు, రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చాలామంది ఒకే చేత్తో రెండిటికీ పెట్టేస్తారు. మొత్తం విప్పి కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, మీ బండి మాన్యువల్‌లో చెప్పిన పల్చటి గ్రీజు వేలికి అంటించుకుని రాసినంత రాయండి. లోపల నీళ్ళ తుప్పు మరకలు కనబడితే మూత దగ్గరి రింగు కూడా మార్చాలి. విప్పేది ఒక పక్కే విప్పండి, ప్రతి పార్టుకీ ఫోన్‌లో ఫోటో తీసుకుంటూ, మొదటిది బిగించి సరిగ్గా పడుతోందని చూసుకునే దాకా రెండో పక్క ముట్టుకోవద్దు, ఎందుకంటే ఏ రింగు ఎటు తిరిగి ఉండాలో తెలియకపోతే చూసుకోవడానికి మీకున్న నమూనా అదొక్కటే.