ఇంటి వీడియోలు టీవీలో చూడాలంటే ముందు ఫైళ్ల సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది ఇది: కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న పాత పెళ్లి సీడీలు, క్యామ్‌కార్డర్ వీడియోలు హాల్లోని టీవీలో వైఫై ద్వారా చూడాలి. కొన్ని తెరుచుకోవడం లేదు, కొన్నింటికి శబ్దం రావడం లేదు, కొన్ని మధ్యలో ఆగిపోతున్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

ఈ మూడు తిప్పలూ నేను ఒక వేసవి అంతా పడ్డాను. వారానికో కొత్త సాఫ్ట్‌వేర్ వేసి తీసేశాను. చివరికి తెలిసింది ఏమిటంటే, అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌లో కన్నా ఎక్కువగా ఫైళ్లలోనే ఉంది.

మా ఇంట్లో నాలుగు తరాల వీడియోలు ఉన్నాయి. 1996లో తెనాలిలో జరిగిన అక్క పెళ్లిని వీహెచ్ఎస్ క్యాసెట్‌లో తీస్తే, కొన్నేళ్ల తర్వాత దాన్ని స్టూడియోలో మూడు వీసీడీలుగా మార్పించాము. 2005లో కొన్న మినీ డీవీ క్యామ్‌కార్డర్ టేపులు ఓ డజను. ఆపైన ఫొటోల కెమెరాతో తీసినవి, ఫోన్లతో తీసినవి. ఏ రెండు రకాలూ టీవీ దగ్గర ఒకేలా ప్రవర్తించలేదు.

మొదట విండోస్‌లోనే ఉండే మీడియా స్ట్రీమింగ్‌తో మొదలుపెట్టాను. టీవీలో కంప్యూటర్ పేరే కనిపించలేదు. మీకూ అలాగే ఉంటే రెండు చోట్ల చూడండి. విండోస్‌లో మీ ఇంటి వైఫై ‘పబ్లిక్’ అని ఉంటే ‘ప్రైవేట్’గా మార్చండి. టీవీని రౌటర్‌లోని గెస్ట్ వైఫైకి కలిపి ఉంటే అసలు వైఫైకి మార్చండి. నా విషయంలో మొదటిదే కారణం. పేరు కనిపించిన తర్వాత అసలు కథ మొదలైంది. ఇలా ఇంటి నెట్‌వర్క్‌లో కంప్యూటర్ నుంచి టీవీకి వీడియో పంపడాన్ని డీఎల్ఎన్ఏ పద్ధతి అంటారు. ఇందులో కంప్యూటర్ మామూలుగా ఫైలును ఉన్నదున్నట్టు అందించి ఊరుకుంటుంది, విప్పి చూపించే భారమంతా టీవీదే. టీవీకి ఆ ఫార్మాట్ తెలియకపోతే ‘ఈ ఫైలు చెల్లదు’ అని చెప్పి చేతులు దులుపుకుంటుంది.

పెళ్లి వీసీడీలలో ఉన్నవి పేరు చివర .dat అని ఉండే ఫైళ్లు. ఆ .dat తీసేసి .mpg అని పెట్టగానే టీవీలో తెరుచుకున్నాయి, ఎందుకంటే లోపల ఉన్నది ఎంపెగ్-1 వీడియోనే. కానీ ముందుకు జరపడం కుదరలేదు. మా అమ్మకు కావలసింది రెండో సీడీలో నలభయ్యో నిమిషం దగ్గర, అమ్మమ్మ పళ్లెంలో పసుపు కుంకుమలు పట్టుకుని మండపం వెనక నుంచి వచ్చే దృశ్యం. నాలుగైదు సెకన్లు ఉంటుంది. దానికోసం ప్రతిసారీ స్టూడియో ఆయన అతికించిన గులాబీ హృదయాలనూ, మంత్రాల మీద పరిచిన సినిమా పాటలనూ మొదటి నుంచి భరించాల్సి వచ్చేది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని చాలా టీవీలకు తెలిసిన హెచ్.264 ఎంపీ4 ఫార్మాట్‌లోకి మార్చాక రిమోట్‌తో ఎక్కడికైనా దూకవచ్చు. ఒక జాగ్రత్త: వీసీడీ బొమ్మ 352×288 మాత్రమే. దాన్ని హెచ్‌డీ కొలతకు సాగదీయకండి. ఫైలు లావెక్కుతుంది తప్ప మొహాలు స్పష్టం కావు.

నన్ను ఎక్కువగా ఏడిపించినవి డీవీ టేపులు. వీటి వేగం సెకనుకు 25 మెగాబిట్లు, గంట టేపు దాదాపు 13 జీబీ. కంప్యూటర్‌లోకి ఎక్కించాక అవి ఏవీఐ ఫైళ్లయ్యాయి, మా టీవీ వాటిని ముట్టుకోనే లేదు. ఎంపీ4 చేశాక తెరిచింది గానీ, సూర్యలంక ఒడ్డున మా అబ్బాయి పరుగెత్తుతుంటే వాడి కాళ్ల చుట్టూ దువ్వెన పళ్లలా గీతలు కనిపించాయి. నిలబడితే గీతలు లేవు, కదిలితే ఉన్నాయి. ఆ కాలపు క్యామ్‌కార్డర్లు ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాత మరోసారి తీసేవి. ఆ వ్యవధిలో కాలు జరిగిపోతుంది, రెండు సగాలూ అతకవు. హ్యాండ్‌బ్రేక్‌లో ఈ గీతలను తీసే డీఇంటర్లేస్ అనే అంశం ఉంది. అందులో ‘బాబ్’ ఎంచుకుని, ఫ్రేమ్ రేటు 50 పెట్టండి. చాలామంది 25 దగ్గరే వదిలేస్తారు. అప్పుడు గీతలు పోతాయి కానీ పరుగు కుదుపులుగా కనిపిస్తుంది. 50 పెట్టాక కెరటం కెరటంలా కదిలింది. అసలు ఏవీఐలను మాత్రం చెరపకండి, వేరే హార్డ్ డిస్కులో దాచండి. పన్నెండు గంటలకు 160 జీబీ కూడా కాదు.

శబ్దం రాకపోవడం చిన్న విషయం. మా కెమెరా ఎంఓవీ ఫైళ్లలో శబ్దం కుదించకుండా పీసీఎం రూపంలో ఉంది, టీవీకి అది నచ్చలేదు. బొమ్మను ముట్టుకోకుండా శబ్దాన్ని మాత్రం ఏఏసీ అనే కుదించిన రూపంలోకి మార్చమని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు చెప్పాను. బొమ్మను మళ్లీ ఎన్‌కోడ్ చేయనక్కర్లేదు కాబట్టి కాఫీ తాగి వచ్చేసరికి ఫోల్డరంతా అయిపోయింది.

ఇక ఫోన్ వీడియోలు. 2017 తర్వాతి ఐఫోన్లు, ఇప్పటి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు హెచ్.264 తర్వాత వచ్చిన హెచ్ఈవీసీ అనే ఫార్మాట్‌లో తీయగలవు. పాత టీవీలకు అది రాదు. వాటిని మార్చుతూ కూర్చోలేదు, జెల్లీఫిన్ పెట్టాను. ఇది ఉచితం, కంప్యూటర్‌లో సర్వర్‌గా నడుస్తుంది. టీవీకి అర్థం కాని ఫైలును అప్పటికప్పుడు మార్చి పంపుతుంది. అలా మార్చడం ప్రాసెసర్‌కు బరువే. మా పాత డెస్క్‌టాప్ ఫ్యాను పిండిమరలా మోగుతుంది. అందుకే ఎక్కువగా చూసేవాటిని ముందే ఎంపీ4 చేసి పెట్టుకోవడం మేలంటాను. టీవీలో జెల్లీఫిన్ యాప్ దొరకకపోతే, టీవీకి గుచ్చి యాప్‌లు వేసుకునే వీలున్న చిన్న పరికరం, స్ట్రీమింగ్ స్టిక్, ఒకటి చాలు.

జెల్లీఫిన్‌లో లైబ్రరీ రకం అడిగినప్పుడు ‘హోమ్ వీడియోలు, ఫొటోలు’ అన్నదే ఎంచుకోండి. నేను తొందరపడి ‘సినిమాలు’ నొక్కాను. అక్క పెళ్లికి ఎవరో హీరో పోస్టరు తగిలించి, నటీనటుల జాబితా కూడా ఇచ్చింది. బావగారు ఇప్పటికీ ఆ హీరో పేరుతోనే తనను పిలవమంటారు.

మధ్యలో ఆగిపోవడానికి నెట్ వేగం కారణమని ఇంటర్నెట్ ప్లాన్ పెంచకండి. ఇంట్లోని వీడియో ఇంట్లోనే తిరుగుతుంది, దానికి బయటి నెట్‌తో పనిలేదు. కంప్యూటర్, టీవీ రెండూ వైఫై మీద ఉంటే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది: కంప్యూటర్ నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి టీవీకి. కంప్యూటర్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపితే ఆ ట్రాఫిక్ సగమవుతుంది. టీవీకి 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే అది వాడండి, అయితే మధ్యలో రెండు గోడలుంటే 2.4 గిగాహెర్ట్జే నయం కావచ్చు. మా ఇంట్లో కేబుల్ ఒక్కటే సమస్య తీర్చింది. వీడియో నత్తనడక నడవకుండా, సరిగ్గా అరగంటకు టక్కున ఆగిపోతుంటే అది కంప్యూటర్ నిద్రలోకి జారుకోవడం. పవర్ సెట్టింగ్‌లలో స్లీప్ తీసేయండి.

పేర్లు మొదట తెలుగులో పెట్టుకున్నాను. డీఎల్ఎన్ఏలో మా టీవీ వాటిని ఖాళీ గడులుగా చూపించింది. ఇప్పుడు ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ అంకెలు, ఆపైన ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేరు. కాలక్రమంలో వాటంతటవే వరుసగా నిలబడతాయి, అమ్మ కూడా వెతుక్కోగలుగుతోంది.

మీరు ముందుగా ఏ సర్వర్ వేయాలా అని చూడకుండా, మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాం దించుకోండి. తెరుచుకోని ఫైలు ఒకటి, శబ్దం రానిది ఒకటి అందులో తెరిచి, వీడియో, ఆడియో అన్న వరుసల్లో ఏ ఫార్మాట్ ఉందో ఇక్కడ రాయండి. టీవీ కొన్న సంవత్సరం కూడా చెబితే, వేటిని మార్చాలో, వేటిని అలాగే వదిలేయవచ్చో చెబుతాను.