తొక్క, పీచు, తీపి: బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత పళ్ళు

మామిడి దిగే రోజులు కదా, పొట్ట చిన్నది చేయించుకున్న పాఠకుల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా పళ్ళ చుట్టూనే తిరిగాయి. ఒక్క మాట ముందే. మీ హాస్పిటల్ ఇచ్చిన డైట్ కాగితానికీ మేం రాసినదానికీ ఎక్కడైనా తేడా వస్తే కాగితాన్నే పాటించండి. లోపల ఎంత కోశారో, ఎక్కడ కుట్టారో వాళ్ళకే తెలుసు. ఇక్కడ స్లీవ్ అంటే పొట్టలో ఎక్కువ భాగం కోసి తీసేసి, సన్నని గొట్టంలా మిగిల్చే ఆపరేషన్. బైపాస్ అంటే గుండెది కాదు, పొట్ట పైభాగాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నపేగుకు కలిపేది.

ప్రశ్న: స్లీవ్ ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. జావ, పప్పు, మెత్తగా చిదిమిన గుడ్డు తింటున్నాను. ఇంట్లో బేనీషాలు మగ్గేశారు, ఆ వాసనకే ఉండలేకున్నాను. మా అత్త ‘పండే కదా, ఒక చెక్క తినమ్మా’ అంటోంది. తినొచ్చా? ఏ పండుతో మొదలుపెట్టాలి?
– ఓ పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: రుచి చూడొచ్చు. చెక్క మాత్రం వద్దు, రెండు టీ చెంచాలు చాలు.

సాధారణంగా మొదటి రెండు వారాలు ద్రవాలు, మూడో నాలుగో వారాల్లో గుజ్జు, ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా మెత్తని తిండి, అది దాటాక మామూలు తిండి. హాస్పిటల్‌ని బట్టి ఒక వారం అటూ ఇటూ ఉంటుంది. స్లీవ్ తర్వాత మిగిలే పొట్ట సుమారు 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసంత. ఆ గ్లాసులో ముందు మామిడి పోస్తే గుడ్డుకీ పప్పుకీ చోటుండదు. మీకు రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పడాలి, పళ్ళలో అది లేనట్టే. కాబట్టి ముందు ప్రొటీన్ తినండి. పండు ఆ మిగిలిన చోటులోకే.

బాగా పండిన బొప్పాయి, మిగలపండిన అరటి, ఉడికించిన ఆపిల్‌తో మొదలుపెట్టడం మేలు. ఆపిల్ తొక్క, మధ్యలో గింజల గూడు తీసేసి, పలుచని ముక్కలు గిన్నెలో వేసి ఇడ్లీ పాత్రలో పది పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టండి. చెంచా వెనక భాగంతో నొక్కితే ముక్క మారాం చేయకుండా చిదిమిపోవాలి. నొక్కినప్పుడు అంచు గట్టిగా తగిలితే ఇంకో మూడు నిమిషాలు పెట్టండి. చక్కెర, తేనె వేయకండి.

మామిడి సంగతి. మీ ఇంట్లో బేనీషా ఉండటం అదృష్టమే, అందులో పీచు తక్కువ. అయినా టెంకను అంటుకున్న గుజ్జు జోలికి పోవద్దు, నారంతా అక్కడే ఉంటుంది. టెంక చీకే హక్కు ఈ ఏడాదికి పిల్లలకు ఇచ్చేయండి. బుగ్గల వైపు కండను చెంచాతో గీరి, చిదిమి, రెండు చెంచాలు తీసుకుని, గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగులో కలుపుకోండి. రసాలు, నాటుకాయలైతే జల్లెడలో రుద్ది వడకట్టాల్సిందే.

కొత్త పండు పెట్టాక రెండు రోజులు ఆగి ఇంకోటి మొదలుపెట్టండి. ఒకే రోజు మూడు రకాలు తింటే ఏది పడలేదో తేలదు. ముక్కలు తినే దశకు వచ్చాక ఒక్కో ముక్క శనగగింజంత ఉండాలి, నోట్లోనే గుజ్జైపోయేదాకా నమలాలి. తినడానికి అరగంట ముందు, తిన్న అరగంట దాకా నీళ్ళు తాగొద్దు. రొమ్ము మధ్య బరువుగా అనిపించినా, ఎక్కిళ్ళు వచ్చినా, ఉన్నట్టుండి ముక్కు కారినా చెంచా కింద పెట్టేయండి. పొట్ట నిండిందని చాలామందికి ముందుగా చెప్పే గుర్తులు అవే.

ప్రశ్న: బైపాస్ అయి మూడు నెలలు. మొన్న ఒక కమలాపండు తొనలు తొనలుగా తిన్నాను. నాలుగో తొనకు రొమ్ములో ఇరుక్కున్నట్టయింది. నీళ్ళు తాగితే నురగ నురగగా వాంతి. మూడు గంటలు నరకం. పక్కింటావిడ అనాస రసం తాగితే కరిగిపోతుందని చెప్పింది. ఇక జీవితంలో కమలాపండు తినకూడదా?
– ఓ పాఠకుడు, పుత్తూరు

జవాబు: తినొచ్చు, మీరు తిన్న పద్ధతిలో కాదు.

బైపాస్‌లో పైన మిగిలే సంచి సుమారు 30 మిల్లీలీటర్లు. అక్కడి నుంచి పేగులోకి వెళ్ళే దారి సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్లు. పాత పొట్టకైతే తొన మీది పొరను గంటల తరబడి తిప్పి, ఆమ్లంతో మెత్తబరిచే ఓపిక ఉండేది. ఈ చిన్న సంచిలో ఆమ్లమూ తక్కువ, పిసికే బలమూ తక్కువ. తొన పొర, దాని మీది తెల్లటి నారలు నమిలినా తెగవు. ముద్దగా చుట్టుకుని ఆ సన్నదారికి మూతలా పడతాయి. మీరు పోసిన నీళ్ళు దాని పైనే నిలిచి, లాలాజలంతో కలిసి నురగై బయటికొచ్చాయి. ఇదే పని రోజులు, వారాలు సాగితే పీచు గట్టిపడి ఉండకడుతుంది. అప్పుడు గొట్టం వేసి చూసి తీయాల్సి వస్తుంది.

అనాస, బొప్పాయిల్లో ఉండే పదార్థం మాంసకృత్తులను విడగొడుతుంది, పీచును కాదు. కమలాపండు నార మీద దాని ప్రతాపం పనిచేయదు. పైగా ఇరుక్కున్నప్పుడు ఏ రసం పోసినా నురగే పెరుగుతుంది.

ఇంకోసారి ఇలా అయితే తినడం, తాగడం రెండూ ఆపండి. నిటారుగా నడవండి, పడుకోకండి. చాలాసార్లు గంటా రెండు గంటల్లో దానంతట అదే జారిపోతుంది. ఆ తర్వాత ఒకరోజు ద్రవాలు, ఇంకోరోజు గుజ్జు తిని, మళ్ళీ మామూలుకు రండి. గుక్కెడు నీళ్ళు కూడా నిలవకుండా పూట గడిచినా, కడుపునొప్పి తగ్గకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా హాస్పిటల్‌కి వెళ్ళాలి. వెళ్ళగానే ‘నాకు బైపాస్ అయింది’ అని చెప్పండి. వాంతులు రోజుల తరబడి సాగినవాళ్ళకు గ్లూకోజ్ సెలైన్ కంటే ముందే థయమిన్, అంటే విటమిన్ బి1, ఇవ్వాలి. లేకపోతే ఆ గ్లూకోజే మెదడుకు, నరాలకు ముప్పు తెస్తుంది. ఊళ్ళో క్లినిక్‌లో హడావుడిగా బాటిల్ ఎక్కించేటప్పుడు ఈ మాట గుర్తుచేసేవాళ్ళు ఇంట్లో ఒకరైనా ఉండాలి.

ఇక తినే పద్ధతి. తొన వీపు మీద కత్తి మొనతో ఒక గీత గీసి, పొరను రెండు వైపులా వెనక్కి ఒలిచేయండి. లోపల నీటిబొట్ల లాంటి రసపు గుజ్జే మిగలాలి, అంతే తినాలి. బత్తాయికీ ఇదే పద్ధతి. ద్రాక్ష తొక్క తీసి, గింజ తీసి తినండి. జామకాయలో మధ్య గింజల భాగం, సీతాఫలంలో గింజ, అనాసలో మధ్య గట్టి దూలం తీసేయండి. పనసతొన, దానిమ్మ గింజలు ఆరు నెలలు దాటేదాకా ముట్టకపోవడం మంచిది. పనసలో నార నమలబడదు. దానిమ్మ గింజ నమిలితే రసం మీకు, పిప్పి సంచికి.

ప్రశ్న: బైపాస్ అయి పద్నాలుగు నెలలు. బడి నుంచి వస్తూ దారిలో ఒక గ్లాసు సపోటా జ్యూస్ తాగుతాను. ఒక్కోసారి పావుగంటకే గుండెదడ, కడుపులో మెలితిప్పు, విరేచనం. ఇంకోసారి అవేమీ ఉండవు గానీ రెండు గంటలకు చేతులు వణికి చెమటలు పడతాయి. నాకు షుగర్ లేదు.
– ఓ టీచరు, పలమనేరు

జవాబు: రెండింటినీ డంపింగ్ అనే అంటారు, కారణాలు మాత్రం వేరు. పొట్ట కొసన తిండిని కొద్దికొద్దిగా వదిలే తలుపు బైపాస్‌లో దారికి అడ్డురాదు. తీపి నేరుగా చిన్నపేగులో పడి, ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. పది నుంచి ముప్పై నిమిషాల్లో వచ్చే దడ, మెలితిప్పు దానివల్ల. రెండోది గంట నుంచి మూడు గంటల మధ్య వస్తుంది. చక్కెర ఒక్కసారిగా రక్తంలో ఎక్కితే దానికి మించి ఇన్సులిన్ ఊరుతుంది, చక్కెర పడిపోతుంది. షుగర్ జబ్బు లేనివాళ్ళకూ ఇది వస్తుంది. స్లీవ్‌లో తక్కువ, అయినా ఉంది.

సపోటా అసలే తియ్యని పండు. దాని మీద కొట్టువాడు మూడు నాలుగు చెంచాల చక్కెర, ఒక్కోచోట ఐస్‌క్రీమ్ కూడా వేస్తాడు. మిక్సీలో పడ్డాక నమిలే పని ఉండదు, రెండు నిమిషాల్లో గ్లాసు ఖాళీ. అదే రెండు సపోటాలు నమిలి తినాలంటే ఒకటిన్నర దగ్గరే మీ సంచి చాలంటుంది. ‘చక్కెర వేయకుండా’ అని చెప్పినా సమస్య సగమే తీరుతుంది.

వణుకు వచ్చినప్పుడు గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకు మళ్ళీ చూడండి. అంకె పైకొచ్చాక ఒక గుడ్డో, గుప్పెడు ఉడకబెట్టిన చెనక్కాయలో తప్పక తినండి. తీపితో వదిలేస్తే కాసేపటికి మళ్ళీ పడిపోతుంది. ఆ స్థితిలో బండి నడపొద్దు. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలని ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచండి. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, మీటర్ అంకె ఎంత అని రెండు వారాలు రాసి సర్జన్‌కు చూపించండి. తిండి సర్దుబాటుతో తగ్గకపోతే మందులున్నాయి.

కొబ్బరినీళ్ళ గురించీ అడిగారు. వాటిలో తీపి బాగా తక్కువ. ఒక గ్లాసు, గుక్కగుక్కగా అరగంట సేపు తాగితే ఫరవాలేదు.

ప్రశ్న: ఏడు శనివారాల వ్రతం పట్టాను. స్లీవ్ అయి ఎనిమిది నెలలు. ఆ రోజంతా పళ్ళు మాత్రమే తినొచ్చా? రెండో శనివారం సాయంత్రానికి నీరసం వచ్చి పడుకున్నాను.
– ఓ భక్తురాలు, తిరుపతి

జవాబు: నీరసం ఎందుకొచ్చిందో లెక్క చూస్తే తెలుస్తుంది. బొప్పాయి, అరటి, మామిడి ఏదైనా 100 గ్రాముల పండులో ప్రొటీన్ ఒక గ్రాము అటూ ఇటూ. రోజంతా అరకిలో పళ్ళు తిన్నా ఐదారు గ్రాములే. మీకు కావాల్సింది 60.

ఉపవాసంలో పాలు, పెరుగు తప్పు కాదు కదా, అక్కడే దారి దొరుకుతుంది. 400 మిల్లీలీటర్ల పాలలో సుమారు 13 గ్రాములు, 100 గ్రాముల పనీర్‌లో సుమారు 18, ఒక చిన్న గిన్నె వడకట్టిన గట్టి పెరుగులో 8 దాకా, పాల నుంచి తీసిన (వే) ప్రొటీన్ పౌడర్ ఒక స్కూప్‌లో 20 నుంచి 25. ఇవి ఆరు పూటలుగా సర్దుకుంటే వ్రతమూ నిలుస్తుంది, మీరూ నిలుస్తారు. పండు వీటి వెనక నాలుగైదు ముక్కలు. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం మాత్రం మీకు కుదరదు. ఆ రోజూ విటమిన్ మాత్రలు మానొద్దు. ప్రసాదం వద్దనలేరు, మాకూ తెలుసు. కొండ లడ్డు సుమారు 175 గ్రాములు ఉంటుంది. మీ వంతు ఒక బూందీ పలుకు, కళ్ళకద్దుకుని.

ప్రశ్న: ఆపరేషన్ అయి రెండేళ్ళు. 38 కిలోలు తగ్గాను. మామిడి తోట మాది. ఈ సీజన్‌లో నాలుగు కిలోలు పెరిగాను. అన్నం ముట్టలేదు, పళ్ళే.
– ఓ రైతు, బంగారుపాళ్యం

జవాబు: ‘పళ్ళే’ అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది నాలుగు కిలోలు. 100 గ్రాముల మామిడి గుజ్జులో సుమారు 60 కేలరీలు, 14 గ్రాముల చక్కెర. పండు మెత్తనిది, పొట్టలో నిలవదు, జారిపోతుంది. అందుకే గంటకోటి తిన్నా నిండినట్టుండదు. తోటలో కాయలు చూస్తూ, కోస్తూ, రుచి చూస్తూ తిన్నవి ఎవరూ లెక్కపెట్టరు. రోజుకు ఒక మధ్యస్థపు కాయ, కోసి గిన్నెలో పెట్టుకుని, భోజనం చివర తినండి. తోటలో తిరిగేటప్పుడు జేబులో చెనక్కాయలు పెట్టుకోండి. గుజ్జు ఫ్యాక్టరీల డబ్బా పల్ప్ ఇంటికి తెచ్చుకుంటుంటే లేబుల్ చదవండి, చాలావాటిలో చక్కెర కలిపి ఉంటుంది. మామిడి తాండ్ర మాట ఎత్తకండి. అది గుజ్జులోని నీళ్ళన్నీ పోయి మిగిలిన తీపి. ఎండు ఖర్జూరం, కిస్‌మిస్ కూడా అంతే.

ప్రశ్న: ఐరన్ మాత్ర ఏ పండుతో వేసుకోవాలి?
– ఓ పాఠకురాలు, చిత్తూరు

జవాబు: గింజలు తీసిన జామ నాలుగు ముక్కలతో గానీ, చక్కెర లేని నిమ్మనీళ్ళతో గానీ వేసుకోండి. వాటిలోని విటమిన్ సి ఐరన్‌ను ఒంటికి పట్టిస్తుంది. టీ, కాఫీ, పాలతో వద్దు. కాల్షియం మాత్రకూ దీనికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి.